పడవ కళాయి

పడవకు పాలిష్ పట్టాలని కాశన్న ఇంటికొచ్చి అడిగినప్పుడు హజరత్ వలికి నవ్వొచ్చింది. నవ్వుతో పాటు దగ్గొచ్చింది. అతని దగ్గు ఒక పట్టాన పోయేది కాదు. గడప మీద కూర్చుని, మోకాళ్ళు గట్టిగా పట్టుకుని, అది ఊపినంత సేపు ఊపి తనంతట తాను వదిలేదాకా ఆగాల్సిందే. అతని భార్య బీబమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది. వచ్చిన మనిషి ముందు ఏమీ జరగనట్టు మంచం మీది దుప్పటి సర్ది, "కూచ్చోప్పా కాశన్నా" అంది.

"నవ్వద్దు వలన్నా" అన్నాడు కాశన్న. "నా పడవకు సున్నం లేచింది. ఎవరు కూచ్చున్నా గుడ్డలకు తెల్లపొడి అంటుకుంటాండాది. మొన్న పెండ్లికి ముందు ఫోటోలు తీసుకునేకి ఒక జంట వచ్చినారు. ఆ పాప ఇంత పొడుగు నల్లగౌను వేసుకోనుండాది. దిగినాక చూస్తే ఎనక పక్కంతా సున్నం గోడకు ఆనుకున్నట్లుంది. వాళ్ళమ్మ నన్ను తిట్టిన తిట్లు, అబ్బా, చెవుల్లోంచి పోతల్లేదు."

"నేను బండలకు పాలిష్ పట్టేటోణ్ణి. పడవ సంగతి నాకేం తెలుసు?"

"మా ఇంట్లో నాపబండలు నువ్వు పట్టినవే కదా. మా ఇంటామె తల దువ్వుకునేకి అద్దం వద్దంటాది. కింద చూసుకుంటాది."

అవుకు రిజర్వాయరులో కాశన్నకు రెండు ఫైబరు పడవలున్నాయి. సెలవు రోజుల్లో జనాన్ని ఎక్కించుకుని నీళ్ళ మీద ఒక చుట్టు తిప్పి తెస్తాడు. శివరాత్రికి జనం బాగా వస్తారు, ఆ లోగా పెద్ద పడవ మెరవాలి. అది బాగా వస్తే రెండో పడవా వలికే. బావమరుదుల పడవలు ఇంకో చోట ఉన్నాయి, అవీ అతనికే. ఏడాది పొడుగునా వాటి బాగోగులు చూసుకోవచ్చు. ఇదంతా చెప్పి, పోతూ పోతూ కాశన్న ఒక మాటన్నాడు. "నీళ్ళు పోసుకుంటా రుద్దే పనే ఎక్కువ వలన్నా. బండల మాదిరి దుమ్ము లేయదు."

ఆ ఒక్క మాటే బీబమ్మ చెవిలో నిలిచింది.

వలి పెళ్ళికి ముందు నుంచీ బేతంచెర్లలో బండల ఫ్యాక్టరీలో పని చేశాడు. సాయంత్రం ఇంటికొస్తే కనురెప్పల వెంట్రుకలు కూడా తెల్లగా ఉండేవి. మొన్న దసరాకు ముందు, కర్నూలులో డాక్టరు ఎక్స్‌రే లైటుకు ఎత్తి పట్టుకుని, అతనితో కాక బీబమ్మతో చెప్పాడు. "ఇంక రాతిదుమ్ములోకి పంపొద్దమ్మా. పంపితే నేను చేసేది ఏమీ ఉండదు." అప్పటి నుంచి వలి ఇంట్లోనే ఉన్నాడు. ఇంట్లో కూర్చునే మగాడిని ఊరు ఊరికే ఉండనివ్వదు, ఆ మగాడు తనను తాను అసలే ఉండనివ్వడు. ఫ్యాక్టరీ మేస్త్రీ మళ్ళీ కబురు పెట్టాడు. కోత మిషన్ దగ్గర కుర్చీ వేసిస్తాం, కూర్చుని చేసుకో అని. శివరాత్రి అయినాక వస్తానని వలి మాట ఇచ్చేశాడు. ఆ కుర్చీ గుర్తొచ్చినప్పుడల్లా బీబమ్మ తింటున్న కంచం పక్కకు నెట్టేసేది.

"పోదాం. నేనూ వస్తా, నీళ్ళు పోసేకి" అంది ఆమె ఆ రాత్రి.

"నీకేం పనే ఆడ?"

"నువ్వు మూతికి గుడ్డ కట్టుకుంటావో లేదో చూసేకి."

*

రిజర్వాయరు గట్టు కింద రేకుల పందిరిలో, లారీ టైర్ల మీద ఎక్కించి పెట్టిన పడవ చూడటానికి ముసలి గేదెలా ఉంది. బీబమ్మ చేత్తో ఒకసారి నిమిరి అరచెయ్యి చూసుకుంది. ముగ్గు పట్టుకున్నట్టు తెల్లగా అయింది. పక్కనే ఇంకో పాత పడవ బోర్లా పడి ఉంది. దాని నీడలో రెండు మేకలు పడుకుని నెమరు వేస్తున్నాయి.

"ఫైబరు పైన పల్చటి పొర ఒకటుంటాది. జెల్‌కోట్ అంటారు" అని చెప్పాడు కాశన్న. "మెరుపంతా దాన్దే. ఎండకు అదే కాలి పొడి రాలతాది. పైన చచ్చిన పొర వరకు గరుకు వాటర్ పేపర్‌తో తీసేసి, పాలిష్ కాంపౌండ్ పెట్టి మిషన్ తిప్పితే కింద మంచిది బయటపడతాది. ఆ మీద వ్యాక్స్ పూస్తే ఎండా నీళ్ళూ తగలవు. పడవ చేసినోళ్ళు నాకు చెప్పింది ఇదే."

"కళాయి మాదిరి" అంది బీబమ్మ.

"అదేలే. పడవ కళాయి" అన్నాడు కాశన్న.

బీబమ్మ తండ్రి బనగానపల్లె వీధుల్లో కళాయి పూసేవాడు. కొలిమి రాజేసి, గిన్నె బాగా వేడి చేసి, నవాసాగరం చల్లి, తగరపు కడ్డీ అలా తాకించి, దూది ఉండతో ఒక్క తిప్పు తిప్పేవాడు. ఇత్తడి గిన్నె లోపల వెండిలా అయిపోయేది. తగరం గట్టిపడేలోగా చెయ్యి తిరగాలి. చిన్నప్పుడు దూది ఉండలు చుట్టి అందించింది బీబమ్మే. తండ్రికి నడుము పట్టేసిన ఏడాది గిన్నెలకు దూది తిప్పిందీ ఆమే.

పని మొదలైంది. వలి చెక్కకు వాటర్ పేపర్ చుట్టి రుద్దుతుంటే బీబమ్మ మగ్గుతో నీళ్ళు పోసేది. పడవ పక్క మీద నుంచి నీళ్ళు చిక్కటి మజ్జిగలా కారేవి. కారి కారి ఇసుకలోకి ఇంకిపోయేవి. పందిరి నీడ జరిగిన కొద్దీ ఇద్దరూ దానితో పాటు జరిగేవారు. మాఘమాసమే అయినా మధ్యాహ్నానికి ఎండ చురచురలాడేది. ఎండ పడ్డ చోట ముట్టొద్దని, వేడెక్కితే కాంపౌండ్ అతుక్కుపోతుందని కాశన్న ముందే చెప్పాడు. కల్లూరులో కార్లకు పాలిష్ పట్టే షాపు నుంచి ఉన్ని ప్యాడ్లు తెప్పించాడు. వలి తన బండల మిషన్‌కే వాటిని బిగించి, నెమ్మదిగా తిప్పడం నేర్చుకున్నాడు.

ఒక పక్క పూర్తయిన పొద్దున బీబమ్మ నీళ్ళ బిందె దించి చూస్తే, పడవలో తన ముఖం కనిపించింది. ముఖం వెనక రిజర్వాయరు నీళ్ళు, ఆ వెనక గుట్ట కనిపించాయి. కాశన్న ఫోను తీసి ఫోటోల మీద ఫోటోలు తీశాడు. అందరికంటే పైకి వినబడేలా నవ్వింది కాశన్న భార్య ఉరుకుందమ్మ. గట్టు మీద మిరపకాయ బజ్జీల బండి ఆమెది.

"వలన్నా, ఇంక మా ఆయప్ప దీని ముందు నిలబడి మీసాలు దువ్వుకుంటా ఉంటాడు. పడవ నడిపేది ఎవరు?"

బీబమ్మ కూడా నవ్వింది. ఆమె సంతోషం ఆ మెరుపు వల్ల కాదు. వలి ఈ పనికి వచ్చినప్పటి నుంచి అంతగా దగ్గలేదు. పొద్దున లేవగానే కాసేపు, అంతే. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే దిష్టి తగులుతుందని భయం. నీళ్ళు పోసేటప్పుడల్లా లోలోపల అల్లాకు దండం పెట్టుకునేది, ఆ మజ్జిగ నీళ్ళకు కూడా పెట్టుకునేది.

*

కాశన్న వ్యాక్స్ డబ్బా తేవడానికి బనగానపల్లెకు వెళ్ళిన రోజున వలి అంచు మొదలుపెట్టాడు.

ఎవరూ చెయ్యమనలేదు. బండల పనిలో అంచు తిప్పడమే పనితనం. బండ నడిమధ్య ఎవరైనా మెరిపిస్తారు. అంచును గుండ్రంగా, చెయ్యి జారిపోయేలా తిప్పినవాడినే మేస్త్రీలు పేరు పెట్టి పిలుస్తారు. పడవ ముందు భాగంలో, పక్కలు రెండూ కలిసే చోట, పైఅంచు వలికి మొరటుగా కనిపించింది. చెక్క పక్కన పెట్టేసి, పేపరు వేళ్ళకే చుట్టుకుని, బండ మీద పెట్టినంత బలం పెట్టాడు.

"ఆడ వద్దులే" అంది బీబమ్మ. "గిన్నెకైనా మూతి కాడనే కళాయి పల్చగుంటాది. ముందు పోయేదీ ఆడనే."

"గిన్నెలు వేరు, ఇది వేరు. అంచు తిప్పకపోతే అది పనేనా? కాశన్న వచ్చి చూసి నోరు తెరవల్ల. నువ్వు నీళ్ళు పొయ్."

ఆమె నీళ్ళు పోసింది. తెల్లగా కారాయి. పోసింది. తెల్లగా కారాయి. మళ్ళీ పోసింది. ఈసారి నీళ్ళు నీళ్ళలాగానే కారాయి.

మగ్గు ఆమె చేతిలోనే ఆగిపోయింది. "యోవ్, ఆపు."

వలి చెయ్యి తీశాడు. అంచు మీద జానెడు పొడుగున తెలుపు లేదు. తేనె రంగులో ఫైబరు, అందులో నేతగుడ్డలా అడ్డంగా నిలువుగా దారాలు బయటపడ్డాయి. వలి బొటనవేలితో తడిమి చూశాడు. బండనైతే ఎంత అరగదీసినా కింద బండే ఉంటుంది. ఇక్కడ కింద ఏమీ లేదు. అతని ముఖం చూసి బీబమ్మ తిట్టలేకపోయింది.

"పోయింది" అన్నాడు అతను. "పోయింది బీబీ. ఇంక రెండో పడవ యాడిస్తాడు? మేస్త్రీకి ఎట్లాగూ మాటిచ్చినా కదా. ఆడికే పోతా."

ఆ మాటతో బీబమ్మకు కుర్చీ కనిపించింది. కోత మిషన్, దాని చుట్టూ తెల్లటి పొగ, ఆ పొగలో కూర్చున్న వలి కనిపించారు. అప్పుడామె చేసిన పని తరువాత ఎన్నోసార్లు తలుచుకుంది. అడుగున కొంచెం మిగిలిన పాత వ్యాక్స్ డబ్బా తీసి, గుడ్డకు అంటించి, ఆ జానెడు మేరా తనే రుద్దింది. తడి మీద దారాలు మాయమైనట్టే అనిపించింది. దూరం నుంచి చూస్తే నీడ పడినట్టుంది అంతే.

"కనపడదు" అంది.

వలి వేళ్ళకు చుట్టుకున్న పేపరు ఊడదీశాడు.

ఇంతలో ఉరుకుందమ్మ కొర్రన్నం గిన్నె, చెనిక్కాయల చట్నీ పట్టుకుని వచ్చింది. రోజూ ఆమే మధ్యాహ్నం అన్నం తెచ్చేది. వద్దన్నా వినేది కాదు. బీబమ్మ సరిగ్గా ఆ అంచు మీద భుజం ఆనించి నిలబడింది.

"కూచ్చో బీబక్కా. ఏంటికట్ల నిలబడినావు, పడవ పారిపోతాదా?"

"కాళ్ళు పట్టేసినాయి వదినా. నిలబడే తింటా."

ఉరుకుందమ్మ ఇసుకలో చతికిలబడి తనే అన్నం కలిపి ముద్ద చేసి బీబమ్మకు అందించింది. బోర్లా పడి ఉన్న పాత పడవ వైపు తల ఊపింది. "దాన్ని చూస్తే నాకు ఇప్పటికీ కడుపు రగులుతాది. మా మొదటి పడవ అది. శానా ప్రేమగా చూసుకునేటోళ్ళం. ఎట్ల చెడిందో తెలుసా? అంచు కాడ పైపొర లేచిపోయింది. ఎవరూ చూడలా. పని చేసినోడు పైన రంగు కొట్టి నున్నగా చేసి పోయినాడు. లోపల్లోపల నీళ్ళు తాగింది. రోజురోజుకూ బరువెక్కుతాంటే ఇంజన్ మంచిది కాదనుకున్న్యాం. ఒకనాడు నీళ్ళ నడిమధ్యలో పలక మెత్తగా లోపలికి పోయింది. పిల్లోళ్ళుండారక్కా అందులో. ఏ దేవుడు చూసినాడో, గట్టుకు వచ్చి పడినాం." ఆమె చెయ్యి కడుక్కుని, "మీరొచ్చినాక నాకు నిద్ర పడతాండాది. నిజంగా చెప్తాండా" అంది.

బీబమ్మ నోట్లో ముద్ద నోట్లోనే ఉంది. వలి ఆమె వైపే చూస్తున్నాడు. ఆ చూపులో చెప్పమనీ లేదు, వద్దనీ లేదు.

తండ్రి గిన్నెలు తిరిగి ఇచ్చే ముందు ఒక్కొక్కటీ ఎండకు ఎత్తి పట్టుకుని లోపల చూసేవాడు. గోరంత ఇత్తడి కనిపించినా మళ్ళీ కొలిమిలో పెట్టేవాడు. అడిగితే, "ఇందులో చింతపండు పులుసు కాస్తారమ్మా, ఇత్తడి తగిలితే విషమైతాది, పిల్లోళ్ళు తింటారు" అనేవాడు, అంతకు మించి ఏమీ చెప్పేవాడు కాదు.

బీబమ్మ ముద్ద మింగింది. భుజం తీసి పక్కకు జరిగింది.

"వదినా, ఈడ చూడు. కళాయి పోయింది. మేము పోగొట్టినాం. నేను దానిమీద వ్యాక్స్ కూడా పూసినా, మీకు కనపడగూడదని."

*

కాశన్న వచ్చాడు, చూశాడు. అరిచిన అరుపుకు మేకలు లేచి నిలబడ్డాయి.

"అంచు ముట్టమని ఎవరు చెప్పినారు నీకు? బండనుకున్న్యావా? శివరాత్రి నెత్తి మీదుండాది, ఇప్పుడు నేనేం చేయల్ల?"

"అనుకున్న్యా కాశన్నా. బండే అనుకున్న్యా" అన్నాడు వలి తల వంచుకుని. "తప్పు నాది. ఆమె వద్దనే చెప్పింది."

"వ్యాక్స్ పూసింది మాత్రం నేను" అంది బీబమ్మ.

"బాగుంది! ఒకరు పీకడం, ఒకరు కప్పడం!"

"నువ్వేం తక్కువా?" అని అందుకుంది ఉరుకుందమ్మ. "పోయిన సంక్రాంతికి ఫోనులో మాట్లాడుకుంటా పోయి రెండో పడవను మెట్లకు గుద్దితివి. నాకు చెప్తివా? వారం రోజులు టవలు ఆరేసి పెడితివి దాని మీద. టవలు ఎన్ని దినాలకు ఆరుతాదో అని నేను చూస్తా ఉంటిని."

కాశన్న అటు తిరిగి మేకలను అదిలించాడు. వలికి నవ్వొచ్చింది, ఆపుకోబోతే దగ్గొచ్చింది. ఆ దగ్గు అతన్ని పట్టుకుని ఊపేసింది. ఉరుకుందమ్మే బిందెలో నీళ్ళు ముంచి ఇచ్చింది. దగ్గు ఆగేసరికి కాశన్న గొంతు దిగింది.

"ఆ టవలు కింద అతుకు వేసేకి తెచ్చిన జెల్‌కోట్ కొంచెం మిగిలుండాది" అన్నాడు. "కానీ నా చేతికి అది లొంగలేదు. గట్టిపడే మందు చుక్కలు కలిపినాక నిలబడదు. మన ఎండకు చూస్తా చూస్తా బిగుసుకుపోతాది. అప్పుడు వేసిన అతుకు చూడు, ఎద్దు పేడ వేసినట్లుంది."

బీబమ్మ వెళ్ళి ఆ అతుకు చూసింది. నిజంగానే అలాగే ఉంది.

"తెల్లారి చల్లగున్నప్పుడు నేను వేస్తా. మా నాయన తగరం ఇంకా తొందరగా బిగిసేది" అంది.

మరునాడు పొద్దు పొడవక ముందే నలుగురూ పందిరి కింద చేరారు. బీబమ్మ ముందు తను పూసిన వ్యాక్స్‌ను థిన్నర్ గుడ్డతో తుడిచి తుడిచి వదిలించింది. దాని మీద ఏదీ పట్టదు మరి. చుట్టూ పేపరుతో కొంచెం గరుకు చేసింది. కాశన్న డబ్బా మూత తెరిచి మందు చుక్కలు వేసి కలిపి అందించాడు. ఆమె మణికట్టు ఒక్కటే తిరిగింది. పల్చగా ఒక పూత, దాని మీద ఇంకో పూత వేసి, చివర్లు ఎక్కడ మొదలయ్యాయో తెలియకుండా లాగేసింది. గాలి తగిలితే పైన జిగురుగానే ఉండిపోతుందని కాశన్న అంటే, ప్లాస్టిక్ కాగితం పరిచి అరచేత్తో బుడగలు పోయేలా నొక్కింది. సూర్యుడు గుట్ట మీదికి వచ్చేసరికి అది గోటితో కొడితే టక్కుమనేలా బిగిసింది.

"ఎవరు నేర్పినారక్కా?" అంది ఉరుకుందమ్మ.

"మా నాయన. ఆయనకు పడవంటే ఏందో తెలీదు" అంది బీబమ్మ. ఆ మాట అంటుంటే కళ్ళు తడి అయ్యాయి. చనిపోయి ఇన్నేళ్ళయినా, తనకు అవసరమైన పొద్దున సమయానికి వచ్చి పక్కన నిలబడిన మనిషిలా తోచాడు తండ్రి.

అతుకు దాగలేదు. పాత తెలుపు ఎండకు కొంచెం పసుపు తిరిగి ఉంది, ఇది పాల తెలుపు. తేలిగ్గా రుద్ది, మెరిపించి, పడవంతా వ్యాక్స్ పూసి తుడిచినా, దగ్గరికొచ్చి చూస్తే తెలుస్తూనే ఉంది. కాశన్న అక్కడ వేలు పెట్టి అతుకు పొడుగునా రాసి చూశాడు.

"వలన్నా, నీకు రెండో పడవ ఇయ్యను" అన్నాడు కాశన్న.

వలి తల ఊపాడు. మగ్గు, గుడ్డలు సంచిలో వేసుకోవడానికి వంగాడు.

"మీ ఇద్దరికీ ఇస్తా. నడిమధ్య నువ్వు, అంచులు మా అక్క. నువ్వు అంచు మీద చెయ్యి పెడితే నేను చూడనక్కర్లేదు, ఆయమ్మే చూసుకుంటాది." ఆగి, మళ్ళీ అన్నాడు. "నా మొదటి పడవ మీద రంగు కొట్టి పోయినోడు నాకు చెప్పలా. నువ్వు చెప్పినావక్కా. ఆ టవలు కింద నేను వేసిన అతుకు కూడా తీసి మళ్ళా వేయల్ల మరి."

బీబమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నీ పిల్లాపాపా సల్లగుండల్ల" అనబోయి, అది అనకుండానే ఉరుకుందమ్మ చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి బజ్జీల నూనెతో జిడ్డుగా, వెచ్చగా ఉంది.

మేస్త్రీకి రానని చెప్పడానికి వలి ఫోను చేసినప్పుడు బీబమ్మ పక్కనే నిలబడి విన్నది. అవతల ఏమన్నాడో వినబడలేదు. "లేదప్పా, నాకు పని దొరికింది, నీళ్ళ పని" అని వలి చెప్పడం మాత్రం వినబడింది.

శివరాత్రి అయిన వారానికి రెండో పడవను టైర్ల మీదికి ఎక్కించారు. వలి ఒక పక్క రుద్దుకుంటూ రుద్దుకుంటూ ముందు భాగందాకా వచ్చాడు. అంచు దగ్గరికి రాగానే అతని చెయ్యి తనంతట తానే ఆగిపోయింది. పేపరు చుట్టిన చెక్కను బీబమ్మకు ఇచ్చి, ఆమె చేతిలోని మగ్గు తీసుకున్నాడు.

"అంచు వచ్చింది, రా. నీళ్ళు నేను పోస్తా."

ఆమె వేళ్ళ చివరలతో, నిద్రపోతున్న పసిబిడ్డ నుదురు తుడిచినట్టు రుద్దింది. వలి వంగి నీళ్ళు పోస్తున్నాడు. దగ్గడం లేదు. ఇద్దరి కళ్ళూ కిందికే ఉన్నాయి. నీళ్ళు మజ్జిగలా తెల్లగా కారుతున్నాయి.